కొత్త కారు – కాలపరీక్ష

'కొత్తొక వింత, పాతొక రోత' అన్నది తెలుగునాట తరచుగా వినిపించే సామెత. నూతనత్వం పట్ల మానవునికి సహజంగా ఉండే మక్కువ ఈ నాలుగు మాటలలో ఇమిడి ఉన్నది. పండుగకు కొత్త వస్త్రం, ఉగాదికి కొత్త చింతపండుతో పచ్చడి, పంట చేతికి వచ్చిన వేళ కొత్త బియ్యపు అన్నం తెలుగువారి జీవనంలో భాగమైనవి. ఈ మక్కువలో దోషం లేదు. అయితే వస్త్రం చిరిగితే కుట్టించుకోవచ్చును. పచ్చడి రుచించకపోతే పక్కన పెట్టవచ్చును. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముకు బ్యాంకు అప్పును జోడించి కొనే కారు అటువంటిది కాదు. పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి ఇంటికి తెచ్చుకొన్న వాహనం నెల తిరగకముందే మొరాయిస్తే, ఆ నష్టం డబ్బుతోనే ఆగదు. కావున సరికొత్తగా రూపొందించిన కారును విపణిలోకి వచ్చిన వెంటనే కొనవచ్చునా, కొంతకాలం వేచి ఉండడం మేలా అన్న ప్రశ్న ఆలోచింపదగినది.

ఈ ప్రశ్నకు నగరంలో లభించే సమాధానం వేరు, పల్లెలో లభించే సమాధానం వేరు. ఎన్.టి.ఆర్. జిల్లాలోని ఎ.కొండూరును ఉదాహరణగా తీసుకొనవచ్చును. విజయవాడ నుండి మైలవరం, తిరువూరుల మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఈ మండలం గుండా పోతుంది. చుట్టూ మామిడి తోటలు. రహదారికి లోపలగా లంబాడీ తండాలు. ఆ తండాలలో ఎన్నో ఏళ్లుగా ఎందరినో మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న సంగతి రాష్ట్రమంతటికీ తెలిసినదే. వ్యాధి ముదిరినవారు వారానికి రెండు మూడు పర్యాయాలు డయాలసిస్ చేయించుకోవలసి ఉంటుంది. ప్రత్యేక వైద్యం కావలసి వస్తే విజయవాడ వరకు ప్రయాణం తప్పదు. అటువంటి చోట కారు వేడుక వస్తువు కాదు, అవసరం.

ఈ మండలంలో కారు కొనదలచిన ఇద్దరిని ఊహించుకొందాం. ఒకరు ప్రభుత్వోద్యోగి. నివాసం మండల కేంద్రంలోనే. ఆయనకు కారు పెళ్లిళ్లకు, పండుగ ప్రయాణాలకు మాత్రమే అవసరం. బండి వారం రోజులు షెడ్డులో ఉన్నా ఆయన బస్సెక్కి వెళ్లగలడు. మరొకరు అద్దె కారు నడుపుకొని జీవించే యువకుడు. తెల్లవారుజామున తండా నుండి రోగిని ఎక్కించుకొని ఆసుపత్రికి చేర్చడం, సాయంత్రం తిరిగి ఇంట దింపడం అతని నిత్యకృత్యం. నెలనెలా వాయిదా కట్టవలసినదీ ఆ కారు సంపాదనతోనే. ఇద్దరూ ఒకే రోజున, ఒకే షోరూములో, ఒకే సరికొత్త నమూనాను చూసి ముచ్చటపడినారని అనుకొందాం. వారిద్దరికీ ఒకే సలహా ఇవ్వడం న్యాయమా?

ముందుగా కొత్త నమూనాలో లోపం ఎందుకు దాగి ఉంటుందో తెలియాలి. తయారీ సంస్థలు నిర్లక్ష్యంగా ఉంటాయని చెప్పడం సరి కాదు. విపణిలోకి విడుదల చేయకముందే నమూనా వాహనాలను ఎండలోను, వానలోను, కొండదారులలోను లక్షల కిలోమీటర్లు నడిపి పరీక్షిస్తారు. అయినను ఆ పరీక్షకు ఒక హద్దు ఉన్నది. ఒక లోపం 5,000 కార్లలో ఒకదానికి మాత్రమే ఏర్పడుతుందని అనుకొందాం. పరీక్షకు పెట్టినవి 200 వాహనాలైతే, ఆ లోపం వాటిలో ఒక్కదానిలోనైనా బయటపడే అవకాశం నూటికి నాలుగు పాళ్లే. మిగిలిన తొంభై ఆరు పాళ్లు అది కనిపించకుండా దాటిపోతుంది. అదే నమూనా లక్ష కార్లుగా రోడ్డెక్కినప్పుడు సుమారు ఇరవై కుటుంబాలకు ఆ లోపం ఎదురవుతుంది. అనగా చివరి పరీక్షకులు తొలి కొనుగోలుదారులే అవుతారు.

దీనికి తోడు, కొత్త నమూనాతో కర్మాగారంలో కొత్త అచ్చులు, కొత్త విడిభాగాలు, వాటిని సరఫరా చేసే కొత్త సంస్థలు ప్రవేశిస్తాయి. పనివారి చేతికి కూడా ఆ కూర్పు అలవాటు కావలసి ఉంటుంది. యంత్రాల విశ్వసనీయతను అధ్యయనం చేసే ఇంజనీర్లు లోపాల వరుసను స్నానపు తొట్టె అడ్డుకోతతో పోలుస్తారు. తొలినాళ్లలో లోపాలు ఎక్కువ. పిదప చాలాకాలం సమంగా, తక్కువగా ఉంటాయి. అరుగుదల పెరిగిన చివరి దశలో మరల ఎక్కువవుతాయి. పరిశ్రమ తొలి లోపాలను గుర్తించి సరిదిద్దుకొన్న కొలదీ, తరువాత తయారైన కార్లు అదే నమూనావైనను మెరుగుపడుతూ వస్తాయి.

భారతదేశ వాహన చరిత్రలో ఇందుకు నిదర్శనాలు ఉన్నవి. మారుతి సంస్థ 2008 నవంబరులో విడుదల చేసిన ఎ-స్టార్ కార్లలో ఇంధనం కారే అవకాశం ఉన్నదని తెలిసి, 2010 ఫిబ్రవరిలో సుమారు లక్ష కార్లను సరిచేయడానికి వెనుకకు పిలిపించింది. 2009లో ఎంతో ఆర్భాటంతో వచ్చిన టాటా నానో కార్లు కొన్ని మంటలకు గురి కాగా, 2010 చివరలో సంస్థ యజమానులందరికీ ఉచితంగా అదనపు రక్షణ అమరికలు చేసి ఇస్తామని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ లోనే మరొక ఉదాహరణ ఉన్నది. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద వెలసిన కియా కర్మాగారం నుండి 2019 ఆగస్టులో సెల్టోస్, 2022 ఫిబ్రవరిలో క్యారెన్స్ విపణిలోకి వచ్చినవి. క్యారెన్స్ వచ్చిన ఏడాదే, అక్టోబరులో, ఎయిర్ బ్యాగులను నియంత్రించే పరికరపు సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండవచ్చునన్న అనుమానంతో సంస్థ 44,174 కార్లను పరీక్షకు పిలిచి, అవసరమైన సవరణను ఉచితంగా చేస్తామన్నది. ప్రమాద సమయంలో ప్రాణం కాపాడవలసిన సాధనానికి సంబంధించిన విషయం కనుక అది చిన్నది కాదు. అయితే ఆ లోపాన్ని సంస్థ దాచలేదు, వెల్లడించింది. రీకాల్ అన్న మాట వినగానే సంస్థను దోషిగా నిలబెట్టడం తగదు. తప్పు తెలిసీ మౌనం వహించడమే నింద్యం.

ఈ ఉదాహరణలు చూసి, కొత్తదంతా ప్రమాదం, పాతదంతా క్షేమం అని తీర్మానించుకొంటే అది మరొక పొరపాటు. జనరల్ మోటార్స్ సంస్థ 2005 నుండి 2013 వరకు తయారైన సుమారు 1,14,000 టవేరా వాహనాలను ఉద్గారాలు, సాంకేతిక ప్రమాణాలకు సంబంధించిన సమస్యల కారణంగా 2013లో వెనుకకు పిలిచింది. ఎనిమిదేళ్లు రోడ్ల మీద తిరిగిన వాహనం అది. మరొక వైపు, 1983 డిసెంబరులో మారుతి 800 కారు వచ్చినప్పుడు, అలవాటైన అంబాసిడర్‌ను మించినది లేదని భావించి దూరంగా ఉన్నవారు, తక్కువ ఇంధనంతో నడిచే చిన్న కారు సౌకర్యాన్ని కొంతకాలం పోగొట్టుకొన్నారు. కాళిదాసు తన మాళవికాగ్నిమిత్ర నాటకపు ప్రస్తావనలో ఈ చిక్కునే ప్రస్తావించినాడు. భాసుని వంటి ప్రసిద్ధుల నాటకాలు ఉండగా కొత్త కవి నాటకం ఎందుకన్న ప్రశ్నకు, ప్రాచీనత గుణానికి గాని నవ్యత దోషానికి గాని గుర్తు కాదని, వివేకి పరీక్షించి గ్రహిస్తాడని సూత్రధారుని చేత సమాధానం చెప్పించినాడు. కావ్యానికి వర్తించిన ఆ మాట కారుకూ వర్తిస్తుంది.

అయితే పరీక్షించవలసినది ఏమిటి? సాధారణంగా కొనుగోలుదారులు లోపం వచ్చే అవకాశం ఎంత అని మాత్రమే అడుగుతారు. అది సగం ప్రశ్న. లోపం వస్తే దాని భారం ఎవరి మీద, ఎంత పడుతుంది అన్నది మిగిలిన సగం. లోపం వచ్చే అవకాశం పైన చెప్పుకొన్న ఇద్దరికీ ఒక్కటే. పర్యవసానం మాత్రం ఒక్కటి కాదు. ఉద్యోగికి అది వారం రోజుల చికాకు. అద్దె కారు నడిపే యువకునికి అది ఆగిన సంపాదన, తప్పిన వాయిదా. ఆ కారునే నమ్ముకొన్న రోగికి తప్పిన డయాలసిస్. అదీ గాక, ఏళ్లుగా తిరుగుతున్న నమూనా అయితే ఊరి మెకానిక్కుకు దాని మర్మం తెలుసు. విడిభాగాలు సమీప పట్టణంలో దొరుకుతాయి. కొత్త నమూనాలోని లోపాన్ని పసిగట్టడానికి కంపెనీ పరికరాలు కావాలి. అవి ఉన్న సర్వీసు కేంద్రానికి బండిని అరవై కిలోమీటర్లు లాగించుకొని పోవలసి రావచ్చును. నగరంలో పూటలో తీరే పని పల్లెలో రోజులు పడుతుంది. కనుక ప్రత్యామ్నాయం లేనివాడు, సర్వీసు కేంద్రానికి దూరంగా ఉన్నవాడు కనీసం ఒక సంవత్సరం వేచి ఉండడమే వివేకం. ప్రత్యామ్నాయం ఉన్నవాడు కోరుకొంటే తెలిసి సాహసించవచ్చును.

అందరూ వేచి ఉంటే కొత్త కారును మొదట కొనేదెవరు అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమే. ఎవరో ఒకరు ముందు నడవనిదే దారి పడదు. అయితే ఆ ముందడుగు నష్టాన్ని తట్టుకోగలవారు వేయాలి. నీటి లోతు తెలియని చోట ఈత వచ్చినవాడు ముందు దిగుతాడే గాని చంకన బిడ్డ ఉన్న తల్లి దిగదు. వారంటీ ఉండగా భయమెందుకన్నది మరొక వాదం. వారంటీ మరమ్మతు ఖర్చును భరిస్తుంది. పోయిన రోజును తిరిగి ఇవ్వదు. అలాగే 2023 అక్టోబరు నుండి అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారుకు లభించే నక్షత్రాలు ఢీకొన్నప్పుడు లోపలివారికి కలిగే రక్షణను సూచిస్తాయి. కారు ప్రతి ఉదయం తప్పక కదులుతుందని అవి హామీ ఇవ్వవు. రెండూ ముఖ్యమే కాని, రెండూ ఒకటి కావు.

కొత్త అన్న మాటను కూడా విప్పి చూడవలసి ఉన్నది. ముందుభాగపు అలంకరణ, దీపాలు, సీట్ల గుడ్డ మాత్రమే మార్చి 'సరికొత్త' అని ప్రకటించిన కారులో ఇంజను, గేరుబాక్సు పాతవే అయితే అవి అప్పటికే కాలపరీక్షకు నిలిచి ఉండవచ్చును. బయటి రూపం పాతదిగా కనిపిస్తూ లోపల ఇంజను కొత్తదైతే, జాగ్రత్త అక్కడ అవసరం. కొనదలచినవారు రంగును గురించి, మైలేజీని గురించి అడిగే ముందు, ఇందులో ఏ భాగం మొదటిసారిగా వస్తున్నది, అదే ఇంజను మరే కారులో ఎంతకాలంగా నడుస్తున్నది, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, సమీప సర్వీసు కేంద్రం ఎంత దూరం అని అడగాలి. అదే నమూనాను ఇప్పటికే నడుపుతున్న ఇద్దరు ముగ్గురిని విచారించాలి. అమ్మేవాని మాట కంటె అనుభవించినవాని మాట విలువైనది.

కొన్న పిదప కూడా బాధ్యత ముగియదు. లోపం గల వాహనాలను వెనుకకు పిలువవలసినదిగా ఆదేశించే అధికారాన్ని 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం, లోపభూయిష్టమైన వస్తువు వలన కలిగిన హానికి తయారీదారును బాధ్యునిగా నిలిపింది. కాని చట్టం మేలుకొన్నవారికే అండ. రీకాల్ ఉత్తరం పాత చిరునామాకు పోయిందని, ఫోను నంబరు మారిందని, బండి బాగానే నడుస్తున్నదని ఊరకుండేవారికి ఏ చట్టమూ మేలు చేయలేదు. కొనుగోలు రసీదును, సర్వీసు కాగితాలను భద్రపరచడం, పిలుపు వచ్చినప్పుడు జాప్యం చేయక వాహనాన్ని తీసుకొనిపోవడం యజమాని విధి.

'నిదానమే ప్రధానం' అన్న తెలుగువారే 'ఆలస్యం అమృతం విషం' అని కూడా అన్నారు. రెండింటిలో ఏది ఎప్పుడు పాటింపదగినదో నిర్ణయించేది వస్తువు మెరుపు కాదు, దానిమీద ఆధారపడినవారి అవసరం. రేపటి కొనుగోలుదారులైన నేటి విద్యార్థులు ప్రకటనలోని కాంతిని చూసి మురిసే ముందు, తెల్లవారుజామున తండా బాటలో ఆగిపోయిన కారును, అందులో కూర్చున్న రోగిని ఒక్కసారి ఊహించుకోవాలి. ఆ ఊహ కలిగినవాడు కొత్త కారును వద్దనడు. తన పరిస్థితికి అది తగిన వేళ వచ్చినదా అని విచారించి మరీ కొంటాడు.