పిలుపులు తగ్గితేనే పెళ్లి ఖర్చుకు కళ్లెం

బేరాలతో మిగిలేది వేలల్లో.. జాబితా కుదిస్తే ఆదా లక్షల్లో
సాయం అందేలోగా వడ్డీల భారం

కవాడిగూడ: ఆడపిల్ల పెళ్లి నిశ్చయమైన ఇంట సంతోషం వెంటే అప్పు ఆలోచన కూడా అడుగుపెడుతోంది. మూతపడిన డీబీఆర్ మిల్లు పరిసర బస్తీల నుంచి గాంధీనగర్, దోమలగూడ, అశోక్‌నగర్ వీధుల వరకు చిన్న జీతాలు, చిరు వ్యాపారాలపై బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తక్కువలో పెళ్లి చేయాలన్న కోరిక వారిలో లేక కాదు, పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే లెక్క తప్పుతోంది.

జంట నగరాల మధ్యన ఉండడం ఈ ప్రాంతవాసులకు ఒక వెసులుబాటు. శుభలేఖలకు ఛత్తాబజార్, గిన్నెలు, పెళ్లి సామగ్రికి బేగంబజార్, పూలకు గుడిమల్కాపూర్, చీరలకు సికింద్రాబాద్ జనరల్ బజార్ అందుబాటులోనే ఉన్నాయి. రోజుల తరబడి తిరిగి బేరమాడితే మిగిలేది కొన్ని వేల రూపాయలు. ఎంతమందిని పిలవాలి, ఎన్ని వేడుకలు జరపాలి అన్న రెండు నిర్ణయాలతో మిగిలేది లక్షల్లో ఉంటుంది. చాలా ఇళ్లలో హాలుకు అడ్వాన్సు ఇచ్చాకే ఈ రెండూ చర్చకు వస్తున్నాయి. అప్పటికే ఖర్చు చేయి దాటుతోంది.

విస్తరితో మొదలయ్యే లెక్క

భోజనం మనిషికి 350 రూపాయలనుకుంటే 400 మందికి 1,40,000 అవుతుంది. అదే 100 మందికి 35,000 చాలు. ఒక్క పూట భోజనంలోనే 1,05,000 రూపాయల తేడా. అతిథులు పెరిగిన కొద్దీ పెద్ద హాలు, ఎక్కువ కుర్చీలు, వాహనాలకు స్థలం, మరిన్ని శుభలేఖలు, తాంబూలం సంచులు అవసరమవుతాయి. ఇవన్నీ విడివిడి ఖర్చులుగా కనిపించినా మూలం అతిథుల జాబితాయే. దానికితోడు హల్దీ, సంగీత్, ఎదుర్కోలు, బరాత్, రిసెప్షన్ అంటూ వేడుకలు పెరిగితే అదే లెక్కను రెండుసార్లు, మూడుసార్లు వేసుకోవాలి.

జాబితా తగ్గించడానికి అడ్డొచ్చేది ఆడంబరం ఒక్కటే కాదు. ‘వాళ్లింట తిన్నాం, మనం పిలవకపోతే ఎలా’ అన్న మొహమాటం అంతకన్నా బలమైనది. చదివింపులతో కొంత వెనక్కి వస్తుందన్న ఆశా ఉంటుంది. అయితే ఆ సొమ్ము వారి ఇళ్లలో శుభకార్యాలకు తిరిగి చెల్లించాల్సిన బాకీయే. కరోనా కాలంలో, 2020 మేలో, పెళ్లికి 50 మందిని మించి పిలవరాదని కేంద్ర హోంశాఖ నిబంధన పెట్టింది. ఆనాడు ఇంటి మనుషుల నడుమ ఒక్కటైన జంటలను ఎవరూ తక్కువగా చూడలేదు. పిలవకపోవడానికి అప్పుడు ప్రభుత్వ ఉత్తర్వు సాకుగా దొరికింది. ఇప్పుడా మాట కుటుంబమే చెప్పాలి. పెళ్లికి దగ్గరి బంధువులనే పిలిచి, ఇరుగుపొరుగును, తోటి ఉద్యోగులను మరోనాడు ఇంటికి పిలిచి తేనీటితో సరిపెట్టడం మొహమాటానికీ ఖర్చుకూ మధ్యేమార్గం.

చట్టం అడిగేది స్వల్పమే

1955 నాటి హిందూ వివాహ చట్టం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం జరిగిన తంతును పెళ్లిగా గుర్తిస్తుంది. ఎంతమంది రావాలో, ఎన్ని వంటకాలు ఉండాలో అందులో లేదు. హిందూ వివాహం పవిత్రమైన సంస్కారమని, ఆటపాటలకు, విందు వినోదాలకు పరిమితమయ్యే సందర్భం కాదని, కట్నాలు గుంజే లావాదేవీ అసలే కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. అదే తీర్పులో మరో హెచ్చరికా ఉంది. తంతు ఏదీ జరపకుండా రిజిస్ట్రేషన్ పత్రం మాత్రమే తెచ్చుకుంటే ఆ చట్టం కింద పెళ్లి చెల్లదు. కాబట్టి ఎంత నిరాడంబరంగా చేసినా తంతు జరపాలి, ఫొటోలు, సాక్షులు ఉండాలి, ఆపై నమోదు చేయించుకోవాలి. పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది.

తంతు అక్కరలేదనుకొనేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముందుగా నోటీసు ఇచ్చి, 30 రోజుల గడువు ముగిశాక ముగ్గురు సాక్షుల ఎదుట వివాహాధికారి వద్ద పెళ్లి చేసుకోవచ్చు. ఈ గడువును లెక్కలోకి తీసుకోకుండా తేదీ ఖరారు చేసుకుంటే ఇబ్బంది తప్పదు.

ముహూర్తమే ధర నిర్ణయిస్తుంది

హాలు అద్దె గోడల కన్నా పంచాంగాన్ని బట్టి మారుతుంది. మూఢాలు, ఆషాఢం, అధికమాసం పోగా మిగిలిన కొద్ది రోజుల్లోనే అందరూ పెళ్లిళ్లు పెట్టుకుంటారు. 2024లో గురు, శుక్ర మూఢాలు, ఆషాఢం కలిసి రావడంతో ఏప్రిల్ చివరి నుంచి సుమారు మూడు నెలలు ముహూర్తాలే లేకుండా పోయాయి. ఇలాంటి విరామానికి ముందూ తరువాతా హాళ్లు, పురోహితులు, వంటవారు, సన్నాయి మేళం దొరకడమే గగనమవుతుంది. పురోహితుడిని ఒక్క ముహూర్తం కాక మూడు నాలుగు అడిగి, ఆదివారం కాని రోజును, పగటి వేళను ఎంచుకుంటే బేరానికి వీలుంటుంది. హాలువారు చెప్పే అద్దెలో కరెంటు, జనరేటర్, శుభ్రత, జీఎస్టీ కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోవాలి.

వంద మందిలోపే అయితే పెద్ద హాలు అవసరం ఉండదు. బస్తీ కమ్యూనిటీ హాలు, దేవాలయ ప్రాంగణం సరిపోతాయి. తిరుమలలో చేయదలచినవారికి పాపవినాశనం రోడ్డులోని కల్యాణవేదికలో 2016 నుంచి తితిదే ఉచితంగా పెళ్లిళ్లు జరిపిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు, కుంకుమ, కంకణాలు దేవస్థానమే సమకూరుస్తుంది. దారి ఖర్చులు, బస మాత్రం ఎవరివి వారే చూసుకోవాలి.

పుస్తెమెట్టెల వరకే బంగారం

2005లో పది గ్రాముల బంగారం ఏడు వేల రూపాయల దరిన ఉండేది. 2025 ఏప్రిల్‌లో అది లక్ష దాటింది. ‘అమ్మాయికి ఐదు తులాలు పెట్టాలి’ అన్న మాట మాత్రం మారలేదు. ఆనాడు ఆ మాట విలువ 35 వేలు, ఇప్పుడు ఐదు లక్షల పైమాటే. తరుగు, మజూరి, మూడు శాతం జీఎస్టీ దీనికి అదనం. బరువు చెప్పి మాట ఇవ్వడం కన్నా పుస్తెమెట్టెలతో సరిపెట్టి, మిగతాది దంపతులు నిలదొక్కుకున్నాక చూసుకోవడం మేలు. కొన్నంతలో హాల్‌మార్క్, ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి.

సాయం తరువాత.. అప్పు ముందు

కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకాలు 2014లో 51,000 రూపాయలతో మొదలయ్యాయి. 2017లో ఈ మొత్తాన్ని 75,116కు, 2018లో 1,00,116కు పెంచారు. దరఖాస్తు, తహసీల్దారు విచారణ, మంజూరు ముగిసి చెక్కు చేతికందేసరికి తరచుగా పెళ్లి జరిగి నెలలు గడుస్తాయి. ఆ సొమ్మును చూసుకొని పెళ్లికి ముందే అప్పు చేసేవారు ఒక లెక్క వేసుకోవాలి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీపై మూడు లక్షలు తెస్తే వడ్డీయే నెలకు 9,000, ఏడాదికి 1,08,000. సర్కారు సాయమంతా పోసినా ఒక్క ఏడాది వడ్డీకి చాలదు, అసలు అలాగే ఉంటుంది. గిరిగిరి వ్యాపారుల వద్ద తీసుకుంటే భారం ఇంకా ఎక్కువ. చిట్టీని తొలి నెలల్లోనే పాడుకుంటే చేతికి వచ్చేది బాగా తగ్గుతుంది. వధువుకు 18, వరుడికి 21 ఏళ్లు నిండాయనే రుజువులు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు పెళ్లికి ముందే సిద్ధం చేసుకుంటే చెక్కు ఆలస్యం కొంతైనా తగ్గుతుంది.

ఖర్చు ఎవరిది?

ఇంత పొదుపూ వధువు తండ్రి ఒక్కడే చేస్తే ఫలితం ఉండదు. ఖర్చు ఆడపెళ్లివారిది, జాబితా మగపెళ్లివారిది అన్న పద్ధతే అసలు చిక్కు. బిల్లు చెల్లించేది వేరొకరైనప్పుడు పిలుపులు తగ్గించాలన్న తలంపు ఎవరికీ రాదు. ఎవరి అతిథుల భోజనం ఖర్చు వారు భరించాలన్న ఒక్క ఒప్పందం కుదిరితే రెండు జాబితాలూ వాటంతటవే కుదించుకుపోతాయి. పెళ్లికి షరతుగా కట్నం అడగడం, ఇవ్వడం 1961 నుంచి నేరమే. ఇష్టపూర్వకంగా ఇచ్చే కానుకలకు సంతకాలతో జాబితా రాసుకోవాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఈ జాబితా రాసుకొనే కుటుంబాలు అరుదు. పేచీ వచ్చినప్పుడు వధువుకు అదే ఆధారం.

నిరాడంబర వివాహం తెలుగునాట కొత్తదేమీ కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘వివాహవిధి’తో తెలుగులోనే పెళ్లి తంతు నడిపే దారి చూపారు. నాస్తికవాది గోరా పెద్ద కుమార్తె వివాహం 1948లో సేవాగ్రామ్‌లో ఆడంబరం లేకుండా జరిగింది. వారు ఆశయం కోసం ఎంచుకున్న మార్గం ఇప్పటి కుటుంబాలకు ఆర్థిక అవసరంగా మారింది.

అందుకే తాంబూలాలు పుచ్చుకొనే నాడే ఇరుపక్షాల పెద్దలు, వధూవరులు కలిసి కూర్చొని అతిథుల సంఖ్య, వేడుకల సంఖ్య, అప్పు చేయకుండా పెట్టగలిగిన మొత్తం కాగితంపై రాసుకోవాలి. హాలుకు అడ్వాన్సు ఇవ్వడం ఆ తరువాతి పని. కొత్త దంపతులు తొలి నెల జీతంతో ఇంటి అద్దె కడతారా, పెళ్లి అప్పుకు వడ్డీ కడతారా అన్నది ఆనాటి మాటలను బట్టే తేలుతుంది.