తలుపు తీసే చేతులు

ఒక మనిషిని ఇంట్లో దాచడమంటే ఏమిటి? ఒక కంచం ఎక్కువ పెట్టాలి. ఆ కంచం పక్కింటావిడ కంటపడకూడదు. బియ్యం ఎక్కువ కొనాలి. కొట్టువాడికి అనుమానం రాకూడదు. ఇంట్లో ఎవరూ లేరని చెప్పడం పసిపిల్లలకు నేర్పాలి. ఇదంతా ఎవరి పని? ఇల్లాలిదే కదా!

2017లో వచ్చిన ‘ది జూకీపర్స్ వైఫ్’ సినిమాను ఈమధ్య టీవీలో చూస్తున్నంతసేపూ నాకు ఇదే ఆలోచన. ఇది నిజంగా జరిగిన కథ. 1939 సెప్టెంబరులో హిట్లర్ సేనలు పోలండ్ మీద పడ్డాయి. వార్సా నగరంలోని జూ బాంబులకు ధ్వంసమైంది. యూదులందర్నీ ఒక పేటలో కుక్కి చుట్టూ గోడ కట్టేశారు. జూ డైరెక్టర్ యాన్ జబిన్‌స్కీ అక్కణ్ణుంచి కొందరిని రహస్యంగా బయటికి తెచ్చేవాడు. వాళ్లను ఇంట్లోనూ, జంతువుల ఖాళీ బోనుల్లోనూ దాచి కాపాడుకొచ్చింది ఆయన భార్య ఆంటోనినా. ప్రమాదం ముంచుకొస్తే ఆమె పియానో వాయించేది. అది వినగానే అందరూ దాక్కునేవారు. యూదులకు చోటిస్తే ఇంటిల్లిపాదికీ మరణశిక్ష పడే రోజులవి. అయినా సుమారు 300 మందికి అక్కడ ఆశ్రయం దొరికింది. 1965లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ ఆ దంపతులిద్దర్నీ గౌరవించింది.

ఎక్కడో పోలండ్ సంగతి మనకెందుకంటారా? మా హయత్‌నగర్ మీదుగా పోయే విజయవాడ రోడ్డు పట్టుకుంటే చౌటుప్పల్ దాటి సూర్యాపేట వైపు వెళతాం. ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటం సాగింది. మొదట రజాకార్లు, నిజాం పోలీసులు, 1948 తర్వాత భారత సైన్యం దళాల కోసం ఊళ్లు గాలించేవారు. దళాలకు అర్ధరాత్రి అన్నం వండిపెట్టిందీ, కబుర్లు మోసిందీ, పట్టుబడితే చిత్రహింసలు పడ్డదీ పల్లె ఆడవాళ్లే. కొండపల్లి కోటేశ్వరమ్మగారి వంటివాళ్లు రహస్య స్థావరాల్లోనే ఏళ్లు గడిపారు. ఇలాంటి స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో పుస్తకంగా తెచ్చింది. దాని పేరు ‘మనకు తెలియని మన చరిత్ర’. పేరులోనే అంతా ఉంది!

అక్కడ పుట్టుకే నేరమైంది. ఇక్కడ జరిగింది భూమి కోసం పోరాటం. రెండూ ఒకటి కావు. కాని బయట బూట్ల చప్పుడు వింటూ పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి గుండెదడ మాత్రం ఒకటే.

ఇలాంటి సినిమాలు చూసి మనం కళ్లు తుడుచుకుంటాం. మంచిదే. మరి మన గేటుకు వేలాడే ‘టు లెట్’ బోర్డు సంగతేమిటి? ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లను అద్దె సంగతి మాట్లాడకముందే ‘మీరేవిట్లు?’ అంటాం. పేరు వినగానే ముస్లింలని తెలిస్తే ‘ఇప్పుడే ఎవరో అడ్వాన్సిచ్చారండీ’ అంటాం. పిల్లాణ్ణి చంకనేసుకుని ఒంటరిగా వచ్చిన అమ్మాయిని ‘మీవారు రాలేదా?’ అని గేటు బయటే నిలబెడతాం. బోర్డు మాత్రం నెలల తరబడి అలాగే వేలాడుతుంటుంది. ఈ ప్రశ్నలు వేసేది మగవాళ్లేనా? ఇల్లు చూపించేది చాలాసార్లు మన ఆడవాళ్లమే. అంటే తలుపు తాళం ఈరోజుకీ మన చేతిలోనే ఉందన్నమాట.

మా ఊరికి గోల్కొండ రాజకుమార్తె హయత్ బక్షీ బేగం పేరు వచ్చింది. ఆమె పేరుతో ఇక్కడున్న 17వ శతాబ్దపు మసీదు చుట్టూ బాటసారులు బస చేసేందుకు వరసగా గదులు కట్టారు. ఆ రాళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఊళ్లో ఒక పోర్షన్ కోసం మనిషి పదిళ్లు తిరగాల్సి రావడం మనకు గౌరవమా?

ఆంటోనినాలా ప్రాణాలకు తెగించమని మనల్నెవరూ అడగడం లేదు. నెల నెలా అద్దె తీసుకుని రెండు గదులు ఇవ్వమంటున్నారు. అంతే!