మాల వేసినవారు, మూట కట్టినవారు

కార్తీకం రాగానే మా ఆదోని, ఎమ్మిగనూరు దారుల్లో రెండు రకాల బండ్లు కనబడతాయి. మొదటిది దక్షిణానికి పోతుంది. ముందు అరటాకులు, పూలదండలు. లోపల నల్లబట్టల స్వాములు. గుత్తి, బెంగుళూరు, సేలం, కోయంబత్తూరు మీదుగా శబరిమలకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. రెండవది తూర్పుకు పోతుంది. పైన వంటపాత్రలు, చాపలు, బియ్యపు మూటలు. లోపల కోసిగి, పెద్దకడుబూరు పల్లెల కూలీలు. గుంటూరు సీమలో మిరపకాయ కోతకు వెళుతున్నారన్నమాట. దీన్నే మావైపు సుగ్గికి పోవడమంటారు.

2020 లో కరోనా ఈ రెండు బండ్లకూ అడ్డం వచ్చింది.

ఆ చలికాలం స్వాములకు వచ్చిన చిక్కులు ఇన్నీ అన్నీ కావు. మండల పూజలు మొదలైన నవంబరులో మామూలు రోజుల్లో వెయ్యిమందికి, శని ఆదివారాల్లో రెండువేల మందికి మాత్రమే దర్శనం. ముందుగా ఇంటర్నెట్టులో పేరు నమోదు కావాలి. నిలక్కల్ చేరేటప్పటికి ఇరవై నాలుగు గంటలలోపు చేయించుకొన్న పరీక్ష కాగితం చూపాలి. ఆదోనిలో తీసుకొన్న కాగితానికి దారిలోనే గడువు తీరిపోతుంది! పంబలో మునక లేదు. సన్నిధానంలో రాత్రి బస లేదు. పసిపిల్లలూ, వృద్ధులూ రాకూడదు.

ఎమ్మిగనూరులో మా బంధువొకాయనకు అది పద్దెనిమిదవ ఏడు. కొబ్బరిమొక్క పట్టుకొని కొండకు పోవలసిన ఏడు. వయసేమో అరవై అయిదు దాటింది. "నా వయసు ఎవరడుగుతారులే" అని కారు మాట్లాడినారు. ఆయన ఇల్లాలు దీక్షామర్యాద తప్పకుండానే, "స్వామీ, అది మీ ఆధార్ కార్డే చెబుతుంది. అదట్లుంచండి. లోపల అత్తమ్మకు తొంభై దగ్గరపడినవి. మీరు ప్రసాదంతోబాటు ఇంకేమైనా తెస్తే ఆమె తట్టుకోగలదా?" అన్నది.

ఆయన మారు మాట్లాడలేదు. ఊరి గుళ్ళోనే ఇరుముడి దించి, మొక్కను తొట్టిలో పెట్టుకొన్నారు. నలభై ఒక్క రోజులు నోరు కట్టుకోగలిగినవాడు ఒక ఏడు కాలు కట్టుకోవడం కూడా దీక్షే కదా!

రెండవ బండికి ఈ వెసులుబాటు లేదు. అయ్యప్ప ఒక ఏడు ఆగుతాడు. పండిన మిరపకాయ ఆగదు. ఇంటిమీది అప్పు అసలే ఆగదు. 2020 మార్చి 25 న దేశమంతటా లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన కూలీలు గుంటూరు చేలలోనే చిక్కుకుపోయినారు. ఏప్రిల్ చివరికి రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు మన కర్నూలు జిల్లాలోనే. అక్కడ ఉండలేరు, ఇక్కడికి రాలేరు. అంత చూసినవారే ఆ చలికాలం మళ్ళీ బండి ఎక్కినారు. వెంట పిల్లలను కూడా ఎక్కించుకొన్నారు. మరేం చేస్తారు? ఒకటి నుంచి అయిదు తరగతులు 2021 ఫిబ్రవరి 1 న గాని తెరవలేదు. బడి లేని ఊళ్ళో బిడ్డను ఎవరికి అప్పగిస్తారు?

స్వాముల బండిని శరణుఘోషతో వీధివీధంతా సాగనంపుతుంది. సుగ్గి బండి తెల్లవారకముందే వెళ్ళిపోతుంది. కరోనా పోయినా ఆ బండి మాత్రం ఆగలేదు. అందులో పిల్లలెందరు ఎక్కినారో లెక్క పెట్టుకొని, వారి పేర్లు హాజరుపట్టీలోంచి కొట్టివేయకుండా, ఉగాదికి తిరిగి వచ్చినప్పుడు పిలిచి కూర్చోబెట్టే పంతులు ఊరికొకరుంటే చాలు. ఆ పుణ్యానికి ఇరుముడి కూడా అక్కరలేదు.