ఈ తోకచుక్క మళ్లీ వచ్చేది 80 వేల ఏళ్లకేనా? అసలు ఈ లెక్క ఎలా తేలుస్తారంటే..

సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క 2024 అక్టోబర్ 12న భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో వెళ్లింది. మబ్బు లేకపోతే అప్పట్లో నరసరావుపేట, మాచర్లలోనూ పొద్దుగూకాక పడమర దిక్కున చూడగలిగేవారు. మరి 'మళ్లీ 80 వేల ఏళ్లకే' అన్న ప్రచారం నిజమేనా?

కక్ష్య తేలాలంటే ఆరు అంకెలు కావాలి. ఒక్కో పరిశీలనలో దొరికేవి రెండు కోణాలే. అందుకే కనీసం మూడు పరిశీలనలు తప్పనిసరి. 2023 జనవరిలో చైనా, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా టెలిస్కోపులకు చిక్కినప్పటి నుంచీ కొలుస్తూ వచ్చారు.

కానీ అంత పెద్ద దారిలో మనకు కనిపించేది చిన్న ముక్కే. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా తిరిగొచ్చే గడువు వేల ఏళ్లు మారిపోతుంది. గ్రహాల ఆకర్షణకు దారి మారి, అసలు రాకపోయే అవకాశమూ ఉంది.

1949లో హైదరాబాద్ నుంచి హార్వర్డ్ వెళ్లిన వేణు బప్పు కనిపెట్టిన తోకచుక్కకు 60 వేల ఏళ్లన్నదీ ఇలాంటి అంచనానే.