తిరిగొచ్చింది అదే స్టాంపా?

1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండిన రోజున, మన తపాలా శాఖ గాంధీజీ బొమ్మతో నాలుగు స్టాంపులు విడుదల చేసింది. స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే సంస్థ వాటిని ముద్రించింది. ఆ నాలుగింటిలో పది రూపాయల స్టాంపు అంటే సేకర్తలకు ఎంత మక్కువో, నకిలీలు తయారుచేసేవాళ్లకూ అంతే మక్కువ. అసలు స్టాంపులోనూ ధర అంతా వెనకవైపే ఉంటుంది. జిగురు చెక్కుచెదరకుండా ఉంటే ఒక ధర, ఆల్బమ్‌లో అతికించిన హింజ్ కాగితం తాలూకు మచ్చ ఉంటే అందులో కొంతే. జిగురు పోయినదానికి కొత్త జిగురు పూసి అమ్మేవాళ్లూ ఉన్నారు.

ఇలాంటి స్టాంపు ఒకటి హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న చిన్న అమ్మకందారు ఈబేలో పెట్టి, విదేశంలోని ఒకరికి అమ్మాడనుకుందాం. పార్సిల్ అందిన పది రోజులకు ఫిర్యాదు వస్తుంది: ‘మీరు చెప్పినట్టు లేదు, హింజ్ మచ్చ ఉంది, డబ్బు వెనక్కివ్వండి.’ నిబంధన ప్రకారం రిటర్న్‌కు ఒప్పుకుంటాడు. మరో మూడు వారాలకు కవరు తిరిగొస్తుంది. అందులో పది రూపాయల గాంధీ స్టాంపు ఉంటుంది, వెనక హింజ్ మచ్చ కూడా ఉంటుంది. కానీ అది తను పంపిన స్టాంపు కాదు. పార్సిల్ తిరిగి చేరినట్టు ట్రాకింగ్ చూపిస్తోంది కాబట్టి డబ్బు కొన్నవాడి ఖాతాకు వెళ్లిపోతుంది. మంచి స్టాంపూ వాడి దగ్గరే, డబ్బూ వాడి దగ్గరే.

ఆన్‌లైన్ మార్కెట్ల రిటర్న్ పద్ధతి చొక్కాలను, మిక్సీలను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. ఒక సైజు చొక్కా మరోదానికి బదులు వచ్చినా కంపెనీకి నష్టం లేదు. సెల్‌ఫోను విషయంలో ఆ నష్టం ఉంది గనుక, రిటర్న్ తీసుకెళ్లే కుర్రాడు ఐఎంఈఐ నంబరు సరిచూసుకునే ఏర్పాటు వచ్చింది. పాత స్టాంపుకు, నాణేనికి, కరెన్సీ నోటుకు వచ్చేసరికి మాత్రం వస్తువు బాగుందా లేదా అన్న ప్రశ్న కన్నా, తిరిగొచ్చింది అదేనా అన్న ప్రశ్న ముఖ్యం. మోసమంతా ఆ రెండో ప్రశ్న దగ్గరే జరుగుతోంది. రిటర్న్ పద్ధతి దాన్ని అడగడమే లేదు.

అలాగని కొనేవాళ్ల రక్షణ తీసేయమని నేను అనను. దూరాన కూర్చుని ఫొటో చూసి కొనేవాడికి వస్తువు గురించి అమ్మేవాడికి తెలిసినంత తెలియదు. ఈ తేడా వల్ల మంచి సరుకు మార్కెట్ నుంచి ఎలా తప్పుకుంటుందో ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లోనే వివరించాడు. 2001లో నోబెల్ అందుకున్నవాళ్లలో ఆయన ఒకడు. 1995లో మొదలైన ఈబే ఈ భయాన్ని తగ్గించడానికే రేటింగులు పెట్టింది. ఆ రేటింగులను పట్టుకుని అమ్మేవాళ్లు కక్ష సాధిస్తున్నారని 2008లో కొనేవాళ్లకు చెడ్డ రేటింగ్ ఇచ్చే వీలు తీసేసింది. పార్సిల్ అందాక 30 రోజుల్లోపు ‘చెప్పినట్టు లేదు’ అని ఫిర్యాదు చేస్తే డబ్బు తిరిగొచ్చే హామీ కూడా ఇచ్చింది. నకిలీ నాణేలు, కొత్త జిగురు పూసిన స్టాంపులు కొని మోసపోయినవాళ్లను చూసిన ఎవరికైనా ఈ హామీ విలువ తెలుసు. అది ఉండాల్సిందే.

అందుకే ఫిర్యాదు రాగానే అవతలివాడు దొంగ అని తేల్చేయడం తప్పు. మన హైదరాబాద్ టంకశాలలో ముద్రించిన నాణేలకు సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. ముంబయికి వజ్రం గుర్తు, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ లేదు. అరిగిన నాణెం మీద నక్షత్రం చుక్కలా కనిపించి, ‘నేను హైదరాబాద్‌ది అడిగితే నోయిడాది పంపారు’ అని కొన్నవాడు కోప్పడితే అందులో దురుద్దేశం ఏమీ లేదు. భూతద్దం కింద తీసిన ఒక ఫొటో పంపితే గొడవ తీరిపోతుంది. ఒక్కోసారి పొరపాటు అమ్మినవాడిదే అవుతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. ‘హింజ్ పడలేదు’ అని రాశాక లోపల చిన్న మచ్చ ఉన్నా కొన్నవాడిదే న్యాయం.

మోసం చేసేవాడి వరస వేరు. మొదట జిగురు అంటాడు, ఫొటో అడిగితే రంగు అంటాడు, ఇంకాస్త అడిగితే అసలు నకిలీ అంటాడు. వస్తువు వెనక్కి పంపమంటే మాట దాటేసి, ‘సగం డబ్బు ఇవ్వండి, నేనే ఉంచుకుంటాను, లేదంటే రేటింగ్ చూసుకోండి’ అని బేరానికి దిగుతాడు. ఇక్కడే చాలామంది చిన్న అమ్మకందార్లు లొంగిపోతారు. రేటింగ్ పోతే వ్యాపారమే పోతుందన్న భయం వాళ్లది. నా మాట ఒక్కటే: సగం డబ్బు ఇవ్వొద్దు. ‘స్టాంపు తిరిగి పంపండి, చేరాక మొత్తం డబ్బూ ఇస్తాను’ అనండి. నిజంగా నచ్చనివాడు పంపేస్తాడు. తక్కువ ధరకు కొట్టేద్దామనుకున్నవాడు చాలాసార్లు అక్కడితో ఆగిపోతాడు. రేటింగ్ చూపించి బెదిరించడం ఈబే నిబంధనలకే విరుద్ధం. కానీ ఆ బెదిరింపు సైట్ సందేశాల్లో ఉంటేనే సాక్ష్యంగా చెల్లుతుంది. వాట్సాప్‌లోకి రమ్మని పిలిస్తే వెళ్లకూడదు.

మార్చి పంపేవాడు మాత్రం రిటర్న్ మాట వినగానే సంతోషంగా ఒప్పుకుంటాడు. వాడి విషయంలో ఫిర్యాదు వచ్చాక చేయగలిగింది చాలా తక్కువ. పార్సిల్ కట్టకముందు చేసిన పనే కాపాడాలి.

పాత స్టాంపు అంచుల్లో పళ్లు ఉంటాయి. 1948 గాంధీ స్టాంపుల్లో రెండు సెంటీమీటర్లకు పదకొండున్నర చొప్పున లెక్క. లెక్క ఒకటే అయినా, షీటు నుంచి చేత్తో చించినప్పుడు ఒక్కో పన్ను ఒక్కో తీరుగా తెగుతుంది. ఒకటి పొట్టిగా, ఒకటి నూలుపోగు వేలాడుతున్నట్టు, మూల పన్ను కాస్త వంగి. ముద్రణ కూడా అంచుల మధ్య ఏ రెండు స్టాంపుల్లోనూ ఒకే దూరంలో కూర్చోదు. రెండు వైపులా హెచ్చు రిజల్యూషన్‌లో స్కాన్ చేసి పెట్టుకుంటే ఆ పళ్ల వరసే దానికి వేలిముద్ర. వెనకవైపు మామూలు స్కాన్ చాలదు. స్టాంపును ఏటవాలుగా పట్టి, పక్క నుంచి దీపం కాంతి పడేలా ఫొటో తీస్తేనే జిగురు మీది అలలు, వేలి గుర్తులు, హింజ్ ఆనవాళ్లు కనిపిస్తాయి. నాణేలకైతే చిన్న త్రాసు మీద బరువు తూచి ఫొటో తీయాలి. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి ప్రామాణిక బరువు 11.66 గ్రాములు. అరిగిన కొద్దీ ప్రతి నాణేనికీ తన బరువు తనకుంటుంది. అంచు మీది నొక్కు, రాజు చెంప మీది గీత, ఇవన్నీ గుర్తులే. అమెరికాలోని పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు 1980ల నుంచి నాణేన్ని పరీక్షించి, నంబరు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తున్నాయి. ఖరీదైన నాణేనికి ఆ ఖర్చు పెట్టవచ్చు. ఆ పెట్టెలకు కూడా నకిలీలు వచ్చేశాయి కాబట్టి పెట్టెనూ ఫొటో తీయాలి.

తర్వాత పార్సిల్. వస్తువును చూపించడం దగ్గర్నుంచి కవరు అంటించి చిరునామా కనిపించేవరకు ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయాలి. పోస్టాఫీసు కౌంటర్‌లో ఇచ్చే రశీదు మీద బరువు ఉంటుంది. దాన్ని చాలామంది జేబులో కుక్కేసి పోగొట్టుకుంటారు. నాణెం పంపితే, ఖాళీ కవరు వచ్చిందని బుకాయించేవాడికి ఆ రశీదే జవాబు. వీడియో అసలు ఫైలు అలాగే ఉంచాలి. వాట్సాప్‌లో పంపితే అది కుదించుకుపోతుంది. విషయం పోలీసులదాకా, కోర్టుదాకా వెళితే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం, హాష్ విలువ కావాలి. ఫైలు చేతులు మారి మారి వచ్చిందైతే ఆ కాగితం దగ్గరే చిక్కు పడుతుంది.

విదేశాలకు పంపేవాళ్లు కొందరు తమ గొయ్యి తామే తవ్వుకుంటున్నారు. కొన్నవాడు సుంకం తప్పించమని అడిగాడని కస్టమ్స్ ఫారం మీద ‘బహుమతి, పది డాలర్లు’ అని రాస్తారు. ఆ కాగితమే రేపు వాళ్ల మీద సాక్ష్యం. ఇరవై వేల స్టాంపు అని వాదించడానికి నోరు లేవదు, బీమా సొమ్మూ పది డాలర్లకే. ఇంకా పెద్ద ప్రమాదం పురావస్తువుల చట్టంతో వస్తుంది. 1972 నాటి ఆ చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని సొంతంగా దేశం దాటించకూడదు. చార్మినార్ బొమ్మతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో వచ్చిన రూపాయలన్నీ ఆ లెక్కలోనివే. వాటిని గుట్టుగా విదేశాలకు పంపినవాడిని మోసం చేయడం చాలా తేలిక. పోలీస్ స్టేషన్ మెట్లెక్కలేడని కొన్నవాడికి తెలుసు. చట్టాన్ని తప్పించుకుని అమ్మినవాడికి ఆ చట్టం అండగా నిలవదు. ఇలాంటి అమ్మకాలు చేస్తున్నవాళ్లు వెంటనే మానుకోవాలి.

ఫిర్యాదు వచ్చాక గడువు లెక్క తప్పకూడదు. ఈబేలో అమ్మినవాడికి మూడు పని దినాలు ఉంటాయి. ఆ లోపు జవాబివ్వకపోతే నిర్ణయం ఏకపక్షంగా పోతుంది. జవాబులో తిట్లు, సొంత కష్టాలు ఏమీ అక్కర్లేదు. ‘మీకు నచ్చనందుకు విచారిస్తున్నాను. రిటర్న్‌కు అంగీకరిస్తున్నాను. పంపేముందు తీసిన స్కాన్లు జత చేస్తున్నాను, తిరిగొచ్చిన స్టాంపును వీటితో సరిచూస్తాను’ అని రాస్తే చాలు. ఈ చివరి మాట ముందే చెప్పడం ముఖ్యం. మారుద్దామనుకున్నవాడు రెండోసారి ఆలోచిస్తాడు. పార్సిల్ తిరిగొచ్చినప్పుడు విప్పే ముందు నుంచే వీడియో పెట్టి, పోస్ట్‌మన్ ఇంకా గుమ్మంలోనే ఉంటే ఆయన ముందే విప్పాలి. మారిందని తేలితే డబ్బు వదలకముందే రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న పళ్లకు ఎర్ర గీత గీసి సైట్‌కు పంపాలి. అక్కడ చదివేది స్టాంపుల నిపుణుడు కాదు. ఒక చూపులో అర్థమయ్యేలా ఉండాలి. సైట్ కాదన్నా అప్పీలు చేయాలి. పేపాల్ ద్వారా తీసుకున్న డబ్బు మీద 180 రోజుల వరకు వివాదం రావచ్చు కాబట్టి అప్పటిదాకా ఏ ఫైలూ చెరపకూడదు.

మన ఊళ్లలో వ్యాపారం ఎక్కువగా వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో, యూపీఐ మీద నడుస్తుంది. అక్కడ కథ తిరగబడుతుంది. పంపిన డబ్బు వెనక్కి రాదు కాబట్టి మోసపోయేది ఎక్కువగా కొనేవాళ్లే. పాత నోట్లు, నాణేలు లక్షలు పలుకుతాయంటూ రిజర్వ్ బ్యాంక్ పేరు, ముద్ర వాడి రుసుములు గుంజేవాళ్ల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. అలాంటి వాళ్ల వల్ల డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ బెడద గురించి విడిగా రాయాల్సింది చాలా ఉంది.

పెద్ద సైట్ల దగ్గరకే వస్తాను. మార్చి పంపడం మోసమే. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది. కానీ ఇరవై వేల స్టాంపు కోసం వేరే దేశంలో ఉన్నవాడి మీద కేసు నడపడం ఎవరి తరం? వ్యాపారం కోసం సైట్ సేవలు వాడుకున్నవాడు 2019 వినియోగదారుల చట్టం కింద వినియోగదారు అనిపించుకోవడమూ కష్టమే. 2020 ఈ-కామర్స్ నియమాలు లోపం ఉన్న వస్తువును అమ్మినవాడు వెనక్కి తీసుకోవాలని స్పష్టంగా చెప్పాయి. తిరిగొచ్చింది అదే వస్తువని ఎవరు తేల్చాలో చెప్పలేదు. కాబట్టి ఆచరణలో సైట్‌లోని ఉద్యోగి ఇచ్చే నిర్ణయమే చిన్న అమ్మకందారుకు ఆఖరి తీర్పు.

చేయలేని పని అయితే ఇంత గట్టిగా అడగను. ఖరీదైన గడియారాలు, బూట్లు, ట్రేడింగ్ కార్డుల విషయంలో ఈబేనే కొన్ని దేశాల్లో నిపుణుల తనిఖీ పెట్టింది. వస్తువు వెళ్లేటప్పుడు వాళ్ల చేతుల మీదుగా వెళ్తుంది, రిటర్న్ కూడా వాళ్ల చేతికే వస్తుంది. మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ కొన్ని వస్తువులకు గుమ్మం దగ్గరే పెట్టె విప్పి చూపించి, ఆ తర్వాతే ఓటీపీ తీసుకుంటోంది. ఇదే ఆలోచన స్టాంపులకు, నాణేలకు, నోట్లకు రావాలి. ఒక ధర దాటిన ప్రతి అమ్మకానికీ పంపేముందు స్కాన్లు సైట్‌లోనే నమోదు చేయించాలి. ‘చెప్పినట్టు లేదు’ అన్న ఫిర్యాదుతో రిటర్న్ వస్తే, డబ్బు రెండు వైపులా ఆపి, ఆ స్కాన్లతో నిపుణుడు సరిచూశాకే వదలాలి. నిపుణుడి రుసుము ఓడినవాడు కట్టాలి. అమ్మినవాడు అబద్ధం రాశాడని తేలితే అతనే, మార్చి పంపాడని తేలితే కొన్నవాడే. ఏదీ తేలకపోతే ప్రతి అమ్మకం మీదా కమీషన్ తీసుకుంటున్న సైట్ ఆ రుసుము భరించాలి.