పాట అందరిది, మరి మాట ఎవరిది?



ఈ నెల రాసేది గిరణి సంగతి కాదు, ఫోన్ల నడిచే సంగతి. అయినా నడుమ గిరణి దగ్గరికి ఒకసారి పోయి రావల్సి వస్తది. మీ ఇంట్ల కూడ ఇసొంటి లొల్లి నడుస్తుండొచ్చు, అందుకే రాస్తున్న.

సోలాపూర్ల మా పేటలో ఘంటసాల పాట అంటే చెవి కోసుకునేటోళ్లం చానామందిమి ఉన్నం. 2022 డిసెంబర్ 4కు ఆయన పుట్టి నూరేండ్లు నిండినయి. ఆ దినం పాటల కార్యక్రమం పెట్టుకుందామని వాట్సాప్ల ఒక గ్రూపు కట్టినం. మొదలు ముప్పై మందిమి. కార్యక్రమం అయిపోయినా గ్రూపు ఆగలేదు, ఇప్పుడు రెండు వందలు దాటింది. భివండి వాళ్లు ఉన్నరు, సిరిసిల్లల ఉన్న మన వియ్యపోళ్లు ఉన్నరు. అందరికంటె ఎక్కువ బీడీలు చేసే అక్కలు ఉన్నరు. వెయ్యి బీడీలు అయ్యేదాక వాళ్లకు చేతులు ఖాళీ ఉండవు, చెవులు మాత్రమే ఖాళీ. పక్కన ఫోన్ పెట్టుకుని ఒకటెనక ఒకటి పాటలు వింటరు.

మూడేండ్లు మంచిగ నడిచింది. తగాదా మాయాబజార్ దగ్గర మొదలైంది.

అది 1957ల వచ్చిన సినిమా. సంగీతం ఘంటసాల అనే పేరు పడతది. పాలిటెక్నిక్ చదివే పిల్లగాడు ఒకడు, అందుల నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారు కట్టిండ్రు, ఆయన నడుమ తప్పుకుంటే మిగిలిన పని అంత ఘంటసాల గారు పూర్తి చేసిండ్రు అని పెట్టిండు. పిల్లగాడు చెప్పింది సరైన సంగతే. సినిమా సంగతులు తెలిసిన పెద్దోళ్లు ఎప్పటినుంచో చెప్పుకునేదే. దానితోని ఘంటసాల గారి గొప్ప ఏం తగ్గదు. ఒకరు సగంల విడిచిన పనిని ఏ అతుకూ కనపడకుండ పూర్తి చేయడం ఎంత కష్టమో నేత పని చేసినోళ్లకు చెప్పాల్నా?

అయితే మా కాలం జాబర్ మామ ఒకాయనకు కోపం వచ్చింది. పిల్లగాడు మరాఠీ బడిల చదివిండు, తెలుగు మాటను మరాఠీ అక్షరాలతోని రాస్తడు. మామ ఏమన్నడంటే, "ముందు తెలుగు రాయ నేర్చుకో, ఎనక ఘంటసాల గురించి మాట్లాడు" అన్నడు. ఇంకొకాయన పిల్లగాని తండ్రి పేరు తీసిండు. పిల్లగాని దోస్తులు మామ వయసు తీసిండ్రు. రెండు దినాలు ఒకటే లొల్లి. ఆ లొల్లి నడుమనే చీరల ధరలు, ఎలక్షన్ బొమ్మలు, గుడ్ మార్నింగ్ పువ్వులు. "ఫోన్ నిండిపోయింది గాని పాట ఒక్కటి దొరకది" అని అక్కలు మొత్తుకున్నరు.

గ్రూపుకు అడ్మిన్ ఒక్కడే, టైలర్ దుకాణం తమ్ముడు. మంచోడు, కాని భయపడ్డడు. పిల్లగాణ్ణి తీసేసిండు. ఎందుకు తీసిండో ఎవరికీ చెప్పలేదు. అడ్మిన్ తప్ప ఇంకెవరూ ఏమీ పెట్టకుండ బందు చేసే బటన్ ఒకటి ఉన్నది, అది నొక్కిండు. లొల్లి ఒక్క నిమిషంల ఆగింది. అందరం హమ్మయ్య అనుకున్నం.

అట్ల పదకొండు దినాలు నడిచింది. తమ్ముడు యాదికొచ్చినప్పుడు ఒక పాట పెట్టేది, లేకపోతే అదీ లేదు.

మా గ్రూపుల ఒక పెద్దాయన ఉన్నడు. స్పిన్నింగ్ ఖాతాల చేసి రిటైర్ అయిండు. వదిన పోయి నాలుగేండ్లు అయింది, కొడుకులు పుణెల ఉంటరు. పొద్దున ఆరు కొట్టంగనే ఆయన పాట ఒకటి వస్తది. పాట కింద సినిమా పేరు, సంవత్సరం. ఒక్క దినం తప్పేది కాదు. ఆ పదకొండు దినాలల్ల ఆయనకు జరం వచ్చింది. మూడు దినాలు లేవలేదు, నీళ్లిచ్చే మనిషి లేడు. నాలుగో దినం పాలు పోసే అబ్బాయి తలుపు కొట్టి చూసి పక్కింటోళ్లను పిలిచిండు. దవాఖానల వారం ఉండి ఇంటికొచ్చిండు, ఇప్పుడు మంచిగనే ఉన్నడు. వేరే దినాలల్ల అయితే ఆరుకు పాట రాలేదంటే ఏడు కొట్టేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసేటోళ్లు. ఆ దినాలల్ల ఎవరి పాటా వస్తలేదు, ఆయన పాట రాలేదని ఎవరికి అనుమానం వస్తది?

ఈ సంగతి తెలిసినంక మండల్ హాల్ల కూసున్నం. ఒక ఆదివారం పగటీలి, నలభై మంది దాక వచ్చిండ్రు.

తమ్ముడు మొదలు తన భయం చెప్పిండు. "ఎవడో తప్పుడుది పెడితే పోలీసులు అడ్మిన్ను పట్టుకుంటరంట, అందుకే బందు చేసిన" అన్నడు. మా గల్లీల వకీలు దగ్గర పని చేసే బావ దానికి జవాబిచ్చిండు. 2021ల బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి ముందుకు ఇసొంటి కేసే వచ్చింది. అడ్మిన్ అయినంత మాత్రాన వేరేటోడు పెట్టినదానికి ఆయన మీద నేరం పడదు, ఇద్దరు ముందే కూడబలుక్కుని చేస్తే వేరే మాట అని కోర్టు చెప్పింది. 2022ల కేరళ హైకోర్టు కూడ అసొంటి తీర్పే ఇచ్చింది. పెట్టినోడు మాత్రం తన మాటకు తాను జవాబు చెప్పాల్సిందే. ఇప్పుడు అడ్మిన్‌కు వేరేటోళ్లు పెట్టినదాన్ని అందరి ఫోన్లల్ల నుంచి తీసేసే వీలు కూడ ఉన్నది. చెడ్డ మాట ఒక్కటి తీసేస్తే అయిపాయె, రెండు వందల నోళ్లు మూయనక్కర లేదు.

మగ్గం మీద పోగు తెగితే సాంచా ఆపుతం, తెగిన పోగు వెతికి ముడి వేస్తం, మళ్ల నడిపిస్తం. బీము మొత్తం కోసి పారేయం గదా.

ఇగ పిల్లగాని సంగతి. నేను లేచి గిరణి మాట చెప్పిన. 1946ల వచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టం మనకు యూనియన్ నేర్పిన చట్టం. పనిల ఏది తప్పు, తప్పుకు శిక్ష ఏంది అనేది కార్మికులకు అర్థమయ్యే భాషల రాసి గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలని అందుల ఉండె. ఒకణ్ణి పనిల నుంచి తీసేయాలంటే ముందు చార్జిషీట్ ఇయ్యాలని, వాడు చెప్పుకునేది వినాలని ఉండె. దీనికోసం మన పెద్దోళ్లు ఎన్నేండ్లు కొట్లాడిండ్రో ఈ పత్రికల చానాసార్లు చదివిండ్రు. మాలిక్ దగ్గర మనం అడిగిన న్యాయం మన పిల్లగానికి మనం ఇయ్యకపోతే ఎట్ల? వాడు చేసిన తప్పేంది? మనకు తెలియని ఒక సంగతి చెప్పిండు, అంతే గదా.

జాబర్ మామ కొద్దిసేపు మాట్లాడలేదు. ఎనక, "పాట గురించి వాడు చెప్పింది సరే. వయసు గురించి అన్నది మాత్రం నాకు తాకింది" అన్నడు. అదీ నిజమే. తప్పు ఒక్క దిక్కే లేదు.

రెండు గంటలు మాట్లాడి కొన్ని కట్టుబాట్లు వేసుకున్నం. మీకు పనికొస్తయని రాస్తున్న.

అడ్మిన్ ఒక్కడు కాదు, ఐదుగురు. అందుల ఇద్దరు ఆడోళ్లు. ప్రతి డిసెంబర్ 4కు మారాలె. భిశీ పైసలు ఒక్కని చేతుల పెట్టం, అధికారం కూడ అంతే.

ఎవరినన్న తీసేయాలంటే ముందు పక్కకు పిలిచినట్టు ఒంటరిగ చెప్పాలె. వినకపోతే గ్రూపుల అందరి ముందట చెప్పాలె. అప్పటికీ వినకపోతే ఆ మనిషి మాట విని, ఐదుగుర్ల ముగ్గురు ఒప్పుకుంటే ఒక నెల బయట పెట్టాలె. కారణం అందరికీ తెలియాలె. నెల అయినంక మళ్ల తీసుకోవాలె.

పాట మీద ఎంతన్న వాదులాడొచ్చు. నీకెట్ల తెలుసు అంటే చెప్పాలె. సినిమాల పేర్లు పడేటప్పుడు చూసిన, రికార్డు మీద చదివిన, ఫలానా పెద్దాయన చెప్పిండు, ఏదైన సరే. కులం, తల్లిదండ్రులు, వయసు, చదువు ఈ నాలుగు తీయొద్దు.

అక్షరాల మీద పెద్ద వాదమే నడిచింది. రిటైర్ అయిన పంతులు గారు తెలుగు అక్షరాలే ఉండాలె, లేకుంటే భాష పోతది అన్నరు. ఆయన బాధ నాకు తెలుసు. మూలకు కూసున్న ఒక వదిన లేచి, "పంతులు గారూ, నాకు ఏ అక్షరాలూ రావు. నేను పాడి పెడత, తీసేస్తరా?" అన్నది. హాల్ల అందరు నవ్విండ్రు, పంతులు గారు కూడ నవ్విండ్రు. మాట తెలుగైతే చాలు, ఏ అక్షరాలతోనన్న రాయొచ్చు, నోటితో చెప్పి పెట్టొచ్చు అని తేలింది. కట్టుబాట్లు కూడ రాసుడొక్కటే కాదు, పంతులు గారే చదివి వినిపించి పెట్టిండ్రు.

రాత్రి పది దాటితే ఏమీ పెట్టొద్దని ఒకరు అడిగిండ్రు. రాత్రి పాళీ చేసే సాంచా అబ్బాయిలు ఒప్పుకోలేదు. "మీకు నిద్ర, మాకు అదే పగలు" అన్నరు. చప్పుడు వద్దనుకునేటోళ్లు తమ ఫోన్ల మ్యూట్ పెట్టుకోవాలె అని నిర్ణయం. మ్యూట్ ఎట్ల పెట్టాల్నో అబ్బాయిలే అక్కలకు చూపించిండ్రు.

ఎలక్షన్ బొమ్మలు బందు. మందులకు, దవాఖానకు సాయం అడిగేది ఉంటే, అడ్మిన్లల్ల ఇద్దరు పోయి చూసి వచ్చినంకనే పెట్టాలె, వచ్చిన పైసలకు పావతి ఉండాలె.

ఇంకొకటి వదినలు అడిగి పెట్టించిండ్రు. ఒంటరిగ ఉన్న పెద్దోళ్ల పేర్లు అడ్మిన్ల దగ్గర రాసి ఉండాలె. పొద్దున పది దాక వాళ్ల దిక్కు నుంచి పాటనో నమస్తేనో రాకపోతే ఫోన్ చేయాలె, ఫోన్ ఎత్తకపోతే దగ్గరున్నోళ్లు ఇంటికి పోవాలె. అందుకే గుడ్ మార్నింగ్ పువ్వులు బందు చేద్దామన్న మాట కూడ అక్కడనే ఆగిపోయింది. నాకు ఆ పువ్వులంటే చిరాకే, కాని ఒక్కొక్కరికి అది "నేను బతికే ఉన్న" అని చెప్పుడు.

పిల్లగాణ్ణి జాబర్ మామ తానే ఫోన్ చేసి పిలిచిండు. పిల్లగాడు రెండు దినాలు ఆలోచించి వచ్చిండు. ఇంకా ఎక్కువ మాట్లాడుత లేడు. తాకిన దెబ్బ మానేటందుకు టైం పడతది, తొందర పెట్టొద్దని అందరికీ చెప్పిన.

ఒక్క సంగతి తేలలేదు. చీరలు, పాపడాలు, పచ్చళ్లు అమ్ముకునే అక్కలు తమ సామాన్ గ్రూపుల పెట్టొచ్చునా, వద్దా? పాటల చోట అంగడి వద్దని సగం మంది అంటరు. బీడీ పగార్ మీద ఇల్లు ఎట్ల గడుస్తది, నాలుగు పాపడాలు అమ్ముకుంటే మీకేం పోతది అని సగం మంది అంటరు. నా మనసు అక్కల దిక్కే ఉన్నది, వారంల ఒక దినం ఇయ్యాలంట. మీరేమంటరు? పత్రిక ఆఫీసుకు రాసి పంపండి. రాయరానోళ్లు పిల్లలతోని రాయించండి, ఏ అక్షరాలైన సరే. వచ్చే నెల వాటిల్ల కొన్ని ఇక్కడనే పెడత.