ముస్తఫా ఎవరి సృష్టి?

నవల సినిమాగా మారినప్పుడు ఏమి పోయింది, ఏమి మిగిలింది అన్న చర్చ తెలుగు సాహిత్య పత్రికలకు కొత్త కాదు. సినిమా గాని, కామిక్ పుస్తకం గాని యాక్షన్ వీడియో గేముగా మారినప్పుడు జరిగే రూపాంతరం గురించి మాత్రం అంత పట్టుదలతో ఆలోచన సాగలేదు. 1980, 90 దశకాల్లో వచ్చిన అటువంటి ఆటలను పిల్లల కాలక్షేపంగానో, పేరున్న చిత్రం వెంట అమ్ముకునే సరుకుగానో చూసి వదిలేయడం ఆనవాయితీ అయింది.

ఆ చిన్నచూపుకు కారణం లేకపోలేదు. స్పీల్‌బర్గ్ చిత్రం ‘ఈ.టి.’ హక్కులు తీసుకున్న అటారీ సంస్థ, 1982 క్రిస్మస్ అమ్మకాలను అందుకోవాలన్న తొందరలో, హోవార్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామరుకు సుమారు 5 వారాల గడువిచ్చి ఆట తయారుచేయించింది. ఆట నడిచే క్షణంలో సమాచారాన్ని నిలుపుకోవడానికి అటారీ 2600 యంత్రంలో ఉన్న చోటు 128 బైట్లు. తెర మీద ఆకుపచ్చని బొమ్మ ఒకటి గోతుల్లో పడుతూ లేస్తూ ఫోను ముక్కలు ఏరుకుంటుంది. లక్షలాదిగా మిగిలిపోయిన ఆ ఆటకు వైఫల్య చిహ్నంగా పేరు స్థిరపడింది. 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డో వద్ద చెత్తలో పూడ్చిన అటారీ సరుకును 2014లో తవ్వి తీసినప్పుడు దాని కార్ట్రిడ్జులు కూడా బయటపడ్డాయి. గడువు చాలకపోవడమే ఆ వైఫల్యానికి కారణమన్న మాట తరచుగా వినిపిస్తుంది గాని అది సగం నిజమే. పిల్లవాడికీ పరలోక జీవికీ మధ్య పెరిగే మమకారం ఆ చిత్రానికి ప్రాణం, యాక్షన్ గేము ఎరిగినవి మాత్రం పరుగు, దూకుడు, దెబ్బ, గురి వంటి కొద్దిపాటి క్రియలు. మమకారాన్ని ఏ మీటకు కట్టాలో ఇంకో 5 నెలలు ఇచ్చినా తేలేది కాదు.

అదే అటారీ 1983లో వీడియో గేమ్ పార్లర్ల కోసం చేసిన ‘స్టార్ వార్స్’ ఆట ఈ చిక్కును తెలివిగా దాటింది. కథ మొత్తాన్ని చెప్పే ప్రయత్నం మానుకొని, చిత్రం చివర వచ్చే వైమానిక దాడి ఒక్కదానినే ఎంచుకొని, ఆటగాడిని విమానం నడిపే కుర్చీలో కూర్చోబెట్టింది. చుక్కలతో నింపిన బొమ్మలకు బదులు వెలుగు గీతలతోనే ఆకారాలు గీసే వెక్టర్ పద్ధతి కూడా, ఆ చీకటి ఆకాశానికి అతికినట్లు సరిపోయింది. 1992లో కొనామీ తెచ్చిన ‘ఎక్స్-మెన్’ మరొక దారి తొక్కింది: కామిక్సులో ఆ వీరులు ఎప్పుడూ జట్టుగా పోరాడతారు కాబట్టి, రెండు తెరలను కలిపి 6 మంది భుజం భుజం రాసుకుంటూ ఆడే వెడల్పాటి పెట్టెను తయారుచేసింది. మూలంలోని భావం తెర మీదికి కాక చెక్కపెట్టె నిర్మాణంలోకి అనువాదమైన ఇటువంటి సందర్భం అరుదు.

తెలుగు పాఠకుడికి దగ్గరైన ఉదాహరణ క్యాప్‌కామ్ సంస్థ 1993లో విడుదల చేసిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. ఆ పేరు తెలియదన్నవారు కూడా ‘ముస్తఫా గేమ్’ అనగానే గుర్తుపడతారు. తెర కుడివైపుకు సాగుతూ గుంపులుగా వచ్చే శత్రువులను చేతులతో, కాళ్లతో, దొరికిన ఆయుధంతో కొట్టి పడగొట్టే ఆటలను బీటెమప్ అంటారు. ఇది ఆ కోవలోది. దీనికి మూలం అమెరికన్ చిత్రకారుడు మార్క్ షుల్ట్జ్ 1986లో మొదలుపెట్టిన ‘జీనోజోయిక్ టేల్స్’ అనే నలుపు తెలుపు కామిక్. ప్రకృతి విలయం తర్వాత వందల ఏళ్లు భూగర్భంలో బతికిన మనుషులు పైకి వచ్చేసరికి నేల మీద మళ్లీ డైనోసార్లు తిరుగుతుంటాయి. జాక్ టెన్రెక్ అనే మెకానిక్ పాతకాలపు క్యాడిలాక్ కార్లను బాగుచేసి, డైనోసార్ల పేడతో నడిపిస్తుంటాడు. మనిషి ప్రకృతితో సమతూకం తప్పితే ఏమవుతుందన్న ప్రశ్న చుట్టూ, కుంచె గీతలో గొప్ప శ్రద్ధతో, ఆ కథలు నెమ్మదిగా నడుస్తాయి.

ఆటలో ఆ నెమ్మది లేదు, ఉండే వీలూ లేదు. పార్లరు యజమానికి నాణెం తర్వాత నాణెం పడాలంటే ఆటగాడు కొద్ది నిమిషాలకొకసారి ఓడిపోవాలి. చుట్టుముట్టిన వారిని ఒక్కసారిగా విసిరికొట్టే ప్రత్యేక దెబ్బకు సైతం సొంత ప్రాణబలంలో కొంత మూల్యం చెల్లించే ఏర్పాటు అందుకే. అయినా మూలంలోని చింతన పూర్తిగా చెరిగిపోలేదు. శత్రువులు డైనోసార్లను వేటాడే దొంగలు. రెచ్చిపోయిన జంతువు మంచివాడినీ చెడ్డవాడినీ ఒకేలా కుమ్ముతుంది. ప్రకృతి ఎవరి పక్షమూ కాదన్న షుల్ట్జ్ మాట, సంభాషణ అవసరం లేకుండానే, ఆటగాడి వీపుకు తగులుతుంది.

కామిక్‌లో కథానాయకుడు జాక్. ముస్తఫా కైరో అతని పక్కనుండే ఇంజనీరు. ఆటలో మాత్రం పరుగెత్తి గాల్లోకి లేచి తన్నే వేగం ముస్తఫాదే కావడంతో భారతదేశపు పార్లర్లలో అతడే నాయకుడై, ఆటకే తన పేరు పెట్టించుకున్నాడు. ‘ప్రేమదేశం’ సినిమా పాటతో 1996 నుంచి ఆ పేరు తెలుగు కుర్రకారు నోట నానుతూ ఉండటం కేవలం యాదృచ్ఛికం కావచ్చు. ఏమైనా, రచయిత పక్కన నిలబెట్టిన పాత్రను ఆటగాళ్లు మధ్యకు తెచ్చుకోవడం జానపద కథల్లో ఎరిగిన వ్యవహారమే. మూలగ్రంథాన్ని చూడనివారి చేతుల్లో అది ఇంకా స్వేచ్ఛగా జరిగింది.

పార్లర్లు మూతపడినా ఆట నిలిచింది ఎమ్యులేటర్ల వల్ల, అంటే పాత యంత్రం పనితీరును కంప్యూటరులో అనుకరించే సాఫ్ట్‌వేర్ వల్ల. నెట్ సెంటర్లలో, ఇళ్లలో తిరిగిన ప్రతులు దాదాపు అన్నీ అనుమతి లేనివే. అనుమతి ఉన్న ప్రతి కొనుక్కునే మార్గం కూడా లేదు, ఎందుకంటే క్యాప్‌కామ్ ఆ ఆటను ఇంటి కన్సోళ్లకు తేలేదు. అప్పుగా తెచ్చుకున్న పాత్రలతో అల్లిన ఆటకు ఇది పుట్టుకతో వచ్చే చిక్కు: ఆట ఒకరిది, పాత్రలు మరొకరివి, ఇద్దరూ మళ్లీ ఒప్పందానికి వస్తే తప్ప పునర్ముద్రణ లేదు. అదే సంస్థ అదే 1993లో మార్వెల్ కామిక్ ఆధారంగా చేసిన ‘ది పనిషర్’ 2024లో ఒక సంకలనంలో భాగంగా తిరిగి వెలువడింది. ముస్తఫాకు ఆ అవకాశం ఇంకా రాలేదు.